పరగడుపు నెత్తురు

షుగర్ గోలీ లింబాద్రి పెదాల దాకా వెళ్లాక లత అతని కొడుకు రాజేందర్ చెయ్యి పట్టుకుంది.

"ఆగన్నా. ఇప్పుడు గోలీ ఏస్తే పెద్దబాపు దక్కడు."

"చెయ్యి ఇడువు లతా. మిషన్ల రెండు వందల డెబ్బై నాలుగున్నది. నీ కండ్లకు కనవడ్తలేదా?"

కనబడుతూనే ఉంది. అరుగు మీద, లింబాద్రి తొడ పక్కన, అరచేతిలో పట్టే షుగర్ మిషన్ ఆ అంకెనే చూపిస్తోంది. ఇంతకుముందే రాజేందర్ తండ్రి వేలిని స్పిరిట్ దూదితో తుడిచి, సూది పొడిచి, చుక్క నెత్తురు స్ట్రిప్‌కు అంటించాడు. అంకెలో సందేహం లేదు. కానీ మనిషిని చూస్తే వేరేగా ఉంది. డిసెంబరు చలిలో మఫ్లర్ తడిసేంత చెమట. చేతులు వణుకుతున్నాయి. ఒళ్లు కుండలో నీళ్లలా చల్లగా ఉంది. "పెద్దబాపు, నేనెవరు?" అని అడిగితే, పుట్టినప్పటి నుంచీ ఎరిగిన పిల్లను పట్టుకుని "ఎవరు, కాంటా దేవన్ననా?" అన్నాడు. దేవన్న లత తండ్రి. పోయి ఆరేళ్లయింది.

"ఇది ఎక్కువైనోళ్ల లెక్క లేదు. తక్కువైనోళ్ల లెక్కున్నది" అంది లత.

"మిషన్ ఒకటి సెప్తది, నువ్వొకటి సెప్తవు. నెలరోజుల సంది గిదే గదా కత."

నిజమే, నెలరోజుల నుంచీ ఇదే కథ. లత నిజామాబాద్‌లోని ఒక ల్యాబు తరఫున బోధన్ వైపు తిరిగి, తెల్లవారుజామునే ఇంటింటికీ వెళ్లి పరగడుపు నెత్తురు సేకరించే మనిషి. రాజేందర్‌కు పాత బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. తండ్రి కోసం కొత్త మిషన్ కొని రోజూ పొద్దున తానే వేలు పొడిచి చూస్తున్నాడు. వేలిలో రోజూ రెండు వందల పైమాటే. లత రెండుసార్లు మోచేతి నరంలోంచి తీసి ల్యాబుకు పంపితే వందకు కాస్త అటూ ఇటూ. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా మామూలుగానే వచ్చింది. డాక్టరు ఆలోచించి, రోజూ ఒకేలా వస్తున్న వేలి అంకెనే నమ్మి గోలీలు రెట్టింపు చేశాడు. రాజేందర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. లత ఎవరి నెత్తురు మీదో తన తండ్రి పేరు రాస్తోందని బజారులో అన్నాడు. ఈ పొద్దు ఆమెను పిలిపించింది కూడా అందుకే. తన కళ్ల ముందు తీయాలట, తన కళ్ల ముందే పేరు రాయాలట.

లత సంచి తెరిచింది. రబ్బరు పట్టీ బిగించి మోచేతి మడతలో నరం వెతికి సూది దింపింది. బూడిద రంగు మూత ఉన్న ట్యూబు నిండగానే, సూది కొసన మిగిలిన చుక్కను కొత్త స్ట్రిప్ మీద వేసి అదే మిషన్‌లో పెట్టింది. మిషన్ కాసేపు ఆలోచించింది.

నలభై ఆరు.

రాజేందర్ వంగి అంకెను మళ్లీ చూశాడు. చేతిలో గోలీ మాత్రం అలాగే ఉంది.

అప్పటిదాకా గడపలో నిలబడి చూస్తున్న లింబాద్రి భార్య రాములవ్వ లోపలికి వెళ్లి శక్కెర డబ్బా పట్టుకొచ్చింది.

"అవ్వా, షుగర్ మనిషికి శక్కెర పెడ్తవా?" అన్నాడు రాజేందర్.

"నీ మిషను నువ్వు సూసుకో కొడుకా. నా మొగన్ని నేను సూసుకుంట. మనిషి సల్లవడ్తుండు, కనవడ్తలేదా?"

కాసిన్ని నీళ్లలో శక్కెర తడిపి ముద్ద చేసి, లింబాద్రి దవడ లోపల వేలితో రాసింది. మళ్లీ రాసింది. లత అతన్ని పక్కకు తిప్పి పట్టుకుంది. వీధిలో పాలబండి వాడు ఆగి చూస్తున్నాడు. కాసేపటికి వణుకు తగ్గింది. ఇంకాసేపటికి లింబాద్రి కళ్లు తెరిచి, నాలుకతో పెదాలు తడుపుకుని, పెళ్లాం వైపు చూశాడు.

"ఏందే, నోట్ల శక్కెర వోసినవా? మూడేండ్లాయె, దీని మొకం సూడక."

రాములవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "తాగు ఇగ. గ్లాసుడు కలిపిచ్చిన. మల్ల అడిగితె ఇయ్య."

లత ఫోన్ చేస్తే డాక్టరు దొరికాడు. రెండు అంకెలూ మళ్లీ చెప్పించుకున్నాడు. "ఒకే మనిషి, ఒకే మిషను, రెండు అంకెలు. ఒకటి అబద్ధం చెప్తోంది. అదేంటో తేలేదాకా గోలీలు ఆపేయండి. మందు రాయాలంటే నాక్కూడా భయంగానే ఉంది" అన్నాడు.

రాజేందర్‌కు భయం కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు. ల్యాబు యజమాని మధుకర్‌కు ఫోన్ కలిపి, లత సూదిలోనే ఏదో ఉందన్నాడు. కాకపోతే ట్యూబుల్లో ఉందన్నాడు. అదీ కాకపోతే ఆ పిల్ల చేతిలోనే ఉందన్నాడు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పెడతానన్నాడు. ఆ తర్వాత మధుకర్ లతతో మాట్లాడిన మాటలు ఇవే.

"నువ్వు తప్పు చేసినవని అంటలేను. కానీ గిది తేలేదాంక బోధన్ దిక్కు పోకు. రేపట్నుంచి గా రూటుకు సంజనను పంపిస్త."

*

తీయగానే కలిపినా, స్కూటీ స్టార్ట్ చేసే ముందు లత ట్యూబును మళ్లీ ఎనిమిదిసార్లు మెల్లగా తలకిందులు చేసింది. అందులోని తెల్లటి పొడి నెత్తురులో కలవాలి. కలవకపోతే నెత్తురు దారిలో తన చక్కెరను తానే తినేసుకుంటుంది. లింబాద్రి పేరు అతని నోటితోనే చెప్పించి, రాజేందర్ చూస్తుండగా రాసింది. ఐస్ డబ్బాలో నిలువుగా పెట్టింది. తన చేతుల్లో తప్పు లేదని ఆమెకు తెలుసు. తెలిసి ఏం లాభం? తనకు తెలిసినది బోధన్‌కు తెలియాలి కదా.

ఆ రూటు పోతే ఆమెకు ఉద్యోగం పోదు. నిజామాబాద్ ఖలీల్‌వాడీలో ల్యాబు కౌంటరు దగ్గర కుర్చీ, ఫ్యాను రెండూ ఖాళీగానే ఉన్నాయి. ఆ కుర్చీని మధుకర్ ఇంతకుముందే ఇస్తానంటే ఆమే వద్దంది. ఎందుకు వద్దన్నావని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర జవాబు లేదు. జవాబు శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ గోడ పక్కన ఉంది. రోజూ తెల్లవారకముందు ఆ గోడ పక్కనుంచి పోవడమే ఆమెకు కావలసింది.

ఇప్పుడు ఆ గోడ పక్కనే స్కూటీ ఆపింది. లోపల పొగగొట్టం నిలబడే ఉంది గానీ పొగ లేదు. గేటు మీద తీగలు పాకాయి. ఫ్యాక్టరీ మూతపడిన తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి పోతున్నారు. వాళ్లకు ఇది ఉత్త గోడ.

లతకు కాదు. ఆమె పుట్టిందే ఈ క్వార్టర్లలో. సైరన్ మోగితే అవ్వలు పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్లు. గానుగ మొదలైన చలికాలంలో పిప్పి కాలిన నల్లటి మసి ఆకాశం నుంచి రాలి, తాడు మీద ఆరేసిన తెల్ల బట్టల మీద, బల్ల మీద ఎండబెట్టిన సకినాల మీద పడేది. ఆడవాళ్లు ఫ్యాక్టరీని తిట్టేవాళ్లు, మళ్లీ ఉతికేవాళ్లు. చెరుకు బండ్ల వరుస ఎడపల్లి దాకా నిలబడేది. పిల్లలు బండి వెనక వేలాడి గడలు గుంజుతుంటే, చెరుకు తూచే కాంటా దగ్గర కూర్చున్న బాపు చూసీ చూడనట్టు మొహం తిప్పుకునేవాడు. అన్నింటికీ మించి ఆ వాసన. తీపి, పొగ, కొంచెం పులుపు, కాలిన దేనిదో ఘాటు. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్లు. క్వార్టర్ల పిల్లలకు అది గాలి. సెలవులకు ముప్కాల్‌లోని అమ్మమ్మ ఇంటికి పోతే రెండో రోజుకే ఊపిరి ఆడనట్టుండేది లతకు.

బాపు పోయినప్పుడు పాడె మోసిన వాళ్లలో ముందున్నవాడు లింబాద్రి. ఫ్యాక్టరీలో పాన్‌మన్, అంటే చెరుకు పాకాన్ని వండి గింజ కట్టించే మనిషి. "ఇగ నుంచి ఏమున్నా నాకు సెప్పు బిడ్డా" అన్నాడు అప్పుడు. ఆ మనిషి నెత్తురే ఇప్పుడు డబ్బాలో ఉంది, ఆ మనిషి కొడుకే తనను దొంగ అంటున్నాడు.

లత గోడకు ఆనుకుని ఆలోచించింది. మిషన్ ఒకటే. స్ట్రిప్ ఒకే డబ్బాలోది. మోచేతిలో పారే నెత్తురే వేలికీ పోతుంది. నెత్తురు ఒకటే అయినప్పుడు తేడా దాన్ని తీసిన చోట ఉండాలి. నిద్ర లేచింది మొదలు సూది దిగేదాకా ఆ చెయ్యి ఎక్కడెక్కడ తిరుగుతోంది?

రాములవ్వకు ఫోన్ చేసింది.

"ఏం తింటడు తల్లీ, ఏం తినడు. నేను డబ్బాలకు తాళం ఏసుకున్న. సీకట్ల లేస్తడు, మొకం కడుక్కుంటడు, వాకింగ్ పోతడు. వచ్చి అరుగు మీద కూసొని వీనికి ఏలు సాపుతడు. గంతె."

"వాకింగ్ ఏ దిక్కు పోతడు పెద్దవ్వా?"

"నాకేం ఎరుక? కోటగిరి దాంక పోయొచ్చినట్టు అలిసి వస్తడు. రేపు పోవద్దన్న. వింటడా?"

*

వినలేదు. మర్నాడు మంచు ఇంకా విడవకముందే లింబాద్రి గొంగడి కప్పుకుని బయటపడ్డాడు. సంజన బోధన్ రూటులో ఎక్కడో తిరుగుతున్న వేళ, లత తన సొంత మిషన్‌ను సంచిలో వేసుకుని స్కూటీని దూరంగా ఆపి నడిచింది. పడిపోతే పట్టుకునేంత దగ్గర, చూస్తే దొరకనంత దూరం.

నడక కోసం వచ్చిన వాళ్లందరూ రోడ్డు పట్టుకుని పోతుంటే లింబాద్రి సాలూర రోడ్డు దిగి చెరుకు తోటలోకి మళ్లాడు. నిన్న పడిపోయిన మనిషి ఇవాళ పరుగు లాంటి నడక నడుస్తున్నాడు. తోట దాటగానే రేకుల షెడ్డు, దాని మీద ఆవిరి. ఎర్రన్న బెల్లం బట్టీ.

లత చెరుకు గడల మధ్య ఆగిపోయింది. ఆగింది దాక్కోవడానికి కాదు. వాసన తగిలింది. అచ్చం అదే కాదు, సగం అదే. పిప్పి మంట, కాగుతున్న రసం, ఇనుము. కళ్లు మూసుకుంటే ఎక్కడో సైరన్ మోగేలా ఉంది. తెరిచేసరికి కళ్లలో నీళ్లున్నాయి. తిట్టుకుని తుడుచుకుంది. వచ్చిన పని వేరే.

షెడ్డులో మనిషి పొడుగు కడాయి. చుట్టూ సరిహద్దు అవతలి నుంచి వచ్చిన నలుగురు పనివాళ్లు. లింబాద్రిని చూడగానే వాళ్లలో పెద్దవాడు "యా కాకా, యా" అని మరాఠీలో పిలిచి గరిట అందించాడు. లింబాద్రి గొంగడి తీసి పక్కన పెట్టాడు. గరిటతో పాకం లేపి, చూపుడు వేలు నీళ్లలో ముంచి, గరిట అంచున జారుతున్న చుక్కను ఆ వేలితో తీసుకుని బొటనవేలికి ఆనించి లాగాడు. దారం సాగింది, తెగింది. తల అడ్డంగా ఊపాడు. మంట ఎగదోశారు. మళ్లీ ముంచాడు, మళ్లీ లాగాడు. ఈసారి దారం తెగకుండా మెరుస్తూ నిలబడింది. చెయ్యి పైకెత్తాడు. నలుగురూ ఒక్కసారిగా కడాయి వంచారు.

వేలు నోటి దగ్గరకు పోతుందేమోనని లత గడల సందులోంచి చూసింది. పోలేదు. లింబాద్రి వేళ్లను తువ్వాలకు తుడిచి, పిప్పి కుప్ప మీద కూర్చుని, చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"పెద్దబాపూ."

కళ్లు తెరిచాడు. బడి ఎగ్గొట్టి దొరికిన పిల్లాడి మొహం.

"నోట్ల పెట్టలేదు బిడ్డా. మీ బాపు మీద ఒట్టు."

"నేను సూసిన. పెట్టలేదు."

"మా రాజిగాడు షుగరొచ్చినప్పటి సంది బట్టీ దిక్కు పోతే కాళ్లు ఇరగ్గొడ్తనన్నడు. తింటనని వాని భయం. నాకు తినుడు గాదు." మాట వెతుక్కున్నాడు. "ముప్పై ఏండ్లు గా పాన్ ముందట నిలవడ్డ. మీటర్లుండె, సాబులుండె. ఎవరున్నా ఆఖర్ల 'లింబాద్రీ, సూడు' అనేటోళ్లు. ఇప్పుడు ఎవడంటడు? గీ ఎర్రన్న అంటడు."

బట్టీ యజమాని ఎర్రన్న కట్టెలు సర్దుతూ అక్కడి నుంచే అందుకున్నాడు. "అనకేం జేస్త? గీయన రాకపోతే నా బెల్లం ముద్ద గట్టదు, నా పెండ్లాం లెక్క కరుగుడే."

లత నవ్వలేదు. సంచిలోంచి మిషన్ తీసింది. "చెయ్యి ఇయ్యి పెద్దబాపు. రాజన్న తుడిచినట్టే స్పిరిట్‌తో తుడుస్త."

కుడి చూపుడు వేలు. తుడిచింది, పొడిచింది. మూడు వందలు దాటింది.

"ఇప్పుడు పోయి సబ్బుతోని చేతులు కడుక్కొని రా."

లింబాద్రి లేవలేదు. చేతిని గుప్పిట మూసి ఒడిలో పెట్టుకున్నాడు. "నీళ్లెందుకు బిడ్డా? తువ్వాలకు తుడుసుకున్న గదా."

"ఇంటికి పోయినంక గూడ కడుక్కోవా?"

"పగటి బువ్వ తినేదాంక కడుక్కోను." తల దించుకున్నాడు. "కడిగితే వాసన పోతది."

 ఆ ఒక్క మాటకు లత నెలరోజుల కోపం ఏ మూలకు పోయిందో తెలియలేదు. తనకు ఆ గోడ పక్కన దొరికేది, ఈయనకు వేలి కొసన దొరుకుతోంది. అయినా పట్టు వదల్లేదు. తానే చెయ్యి పట్టుకుని నీళ్ల తొట్టి దగ్గరికి తీసుకెళ్లి, పిల్లాడికి కడిగినట్టు గోళ్ల సందులతో సహా కడిగి, ఆరబెట్టి, పక్క వేలు పొడిచింది.

నూట పదకొండు.

లింబాద్రి అంకెను చూశాడు. చేతిని చూశాడు. చదువుకున్నది కొంచెమే అయినా పాకం లెక్క ముప్పై ఏళ్లు చూసినవాడు, ఎవరూ విడమరచి చెప్పనక్కర లేకపోయింది. తువ్వాలకు పోనిది, స్పిరిట్ దూదికి పోనిది, నెత్తురు చుక్కలో కలిసి మిషన్‌లోకి పోయింది. రోజూ. ఆ అంకె చూసి డాక్టరు గోలీలు పెంచాడు. ఆ గోలీలు తనను నిన్న అరుగు మీద పడేశాయి.

"గందుకేనా నీ రూటు ఊసిపోయింది?" అన్నాడు మెల్లగా.

లత జవాబిచ్చేలోపు బండి చప్పుడు వినిపించింది. తండ్రి వేళకు ఇంటికి రాకపోయేసరికి రాజేందర్ వెతుక్కుంటూ వచ్చాడు. వెనక రాములవ్వ. షెడ్డూ, కడాయీ, తండ్రీ, లతా కనబడేసరికి అతనికి లెక్క మొత్తం తేలిపోయినట్టయింది.

"ఓహో. గీడనా వాకింగు? ఎర్రన్నా, నువ్వేనా పెడ్తున్నది?"

"నేనేం పెట్టినయ్యా? నీ అయ్యనే నాకు పెడ్తుండు, పని నేర్పిస్తుండు" అన్నాడు ఎర్రన్న.

"మరి ఎవరు? అవ్వా, నువ్వా పంపుడు?"

"నాకే ఇప్పుడు ఎరుకైంది. కండ్లు నా మీదికెల్లి తియ్యి" అంది రాములవ్వ.

రాజేందర్ లత వైపు తిరిగాడు. "నువ్వు గూడ ఈడనే ఉన్నవ్. నీకు ఎరుకే అన్నమాట. ఎరుకుండి ఇన్నొద్దులు మా అయ్యను గిట్ల ఆగంజేసినవ్. చెప్పు, ఎవరి పని?"

చెబితే సరిపోతుంది. ఒక్క మాటతో రూటు తిరిగొస్తుంది, పేరు తిరిగొస్తుంది, రేపు పొద్దున గోడ పక్కనుంచి స్కూటీ మీద పోవచ్చు. కానీ అదే మాటతో ఈ షెడ్డు తలుపు ఈయనకు మూతపడుతుంది. రాజేందర్ ఇక అడుగు పెట్టనివ్వడు. లత మిషన్‌ను సంచిలో పెట్టి జిప్పు లాగింది. 

లింబాద్రి ఆమె జిప్పు లాగడం చూశాడు. పిప్పి కుప్ప మీది నుంచి లేచి, తడి చేతులను పంచెకు తుడుచుకుని, కొడుకు ముందు నిలబడ్డాడు.

"గా మధుకర్‌కు ఫోన్ కలుపు. అందరికి ఇనవడేటట్టు పెట్టు."

"బాపు, నువ్వు ఊకో, నేను మాట్లాడ్త."

"కలుపుమంటి గదా."

రాజేందర్ కలిపాడు. అవతల మధుకర్ గొంతు హలో అంది.

"నేను శక్కర్‌నగర్ లింబాద్రిని మాట్లాడ్తున్న. మా వోడు దొంగను వట్టియ్యమంటుండు, ఇను." దగ్గాడు. "మీ పిల్ల తెచ్చిన నెత్తురు నాదే. సీస మీద రాసిన పేరు నాదే. గామె తాన ఏ తప్పు లేదు. రోజు పొద్దుగాల సాటుంగ బెల్లం బట్టీకి వచ్చి, పాకంల ఏలు వెట్టి, వాసన పోతదని కడగకుండ గదే ఏలు కొడుకు ముందట సాపినోడు ఒకడున్నడు. ఏడికి పోతున్నవని అడిగితే వాకింగ్ అని అబద్ధమాడినోడు గూడ వాడే."

"ఎవరు?" అంది ఫోను.

రాజేందర్ తండ్రి చేతినే చూస్తున్నాడు.

"పాన్‌మన్ లింబాద్రి" అన్నాడు లింబాద్రి. "నేనే."